పడమటి ఎండ అడిగిన అద్దెవాళ్ళు

అది 2022. క్రిస్మస్ వెళ్ళిన వారం. మా నరసరావుపేటలో పొద్దునపూట దుప్పటి కప్పుకోవాలనిపించే రోజులు ఏడాది మొత్తంలో అవే. అప్పటికి నేను ఇళ్ళు చూపించే పనిలో పడి చాలా ఏళ్ళైంది.

మా ఆయన వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న కొత్తల్లో, మడతపెట్టిన బట్టలు ఇచ్చి రావడానికి నేను ఇంటింటికీ తిరిగేదాన్ని. ఏ ఇల్లు ఖాళీ అవుతోందో, ఎవరికి ఇల్లు కావాలో నా చెవిన పడేది. అక్కడి మాట ఇక్కడ చెప్పడంతో మొదలైన పని, ప్రభువు దయవల్ల మా ఇంటికి అన్నం పెట్టే పనైంది. ఊళ్ళో నన్ను ‘ఇళ్ళ కరుణమ్మ’ అంటారు. నేను బడికి పోలేదు. మా అమ్మ పొద్దున్నే నాకు జడ వేస్తూ, నా ఒళ్ళో బైబిలు పెట్టి చదివించేది. మాట తప్పుగా చదివితే అల్లిక ఆపేసి, పాయలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేది. సరిగ్గా చదివాకే జడ ముందుకు సాగేది. ఇవాళ గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు చదవగలుగుతున్నానంటే ఆ జడల చలవే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఇల్లు చూపించడాన్ని ‘విజిట్’ అంటాం. పల్నాడులో విజిట్ ఎప్పుడూ పొద్దున్నే పెట్టుకోవాలి. మధ్యాహ్నం చూపిస్తే ఎంత మంచి పోర్షనైనా, అంటే ఒక ఇంట్లో అద్దెకిచ్చే వాటా, ఎవరికీ నచ్చదు. వచ్చినవాళ్ళు మొదట నీళ్ళ సంగతి అడుగుతారు. ఆ వెంటనే, “పడమటెండ కొడతదా?” అంటారు. పడమటి గోడకు పెద్ద కిటికీలున్న ఇల్లు చూపించాల్సి వస్తే మాటను మళ్ళీ నీళ్ళ మీదికే మళ్ళించేదాన్ని.

ఆ వారంలోనే జగన్నాథంగారు, ఆయన భార్య లలితమ్మగారు నా దగ్గరికొచ్చారు. ఆయన పుట్టింది గుంటూరు వైపే గానీ, ఉద్యోగమంతా నీలగిరి కొండల్లో, తేయాకు తోటల ఆఫీసులో గడిచింది. రిటైరయ్యారు. క్వార్టర్సు ఖాళీ చేయాలి. పెన్షన్‌లో ఇమిడే అద్దె, నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఆస్పత్రి, కూరగాయల బజారు ఉంటే చాలన్నారు. అప్పటికే నాలుగైదు ఊళ్ళు తిరిగొచ్చారట.

నాకున్నవాటిలో మంచి ఇల్లు ముందు చూపించాను. తూర్పు వాకిలి, వెనక వేపచెట్టు నీడ. లలితమ్మగారు గడపలో నిలబడి, “చల్లగా ఉందండీ” అన్నారు. ఇంకేం, బేరం కుదిరిందనుకున్నాను. ఆయన మాత్రం, “ఇంకోటి చూద్దామమ్మా” అన్నారు. రెండో ఇంట్లో అయితే గచ్చు మీద కాలు పెడితే హాయిగా ఉంటుంది. ఆవిడ చెప్పులు విప్పి, వెంటనే మళ్ళీ తొడుక్కున్నారు. “ఇదీ చల్లగానే ఉంది” అన్నారు, ఏదో తప్పు చేసినట్టు. మూడో ఇంటి దగ్గర నేను ఉండబట్టలేకపోయాను.

“అయ్యగారూ, చల్లగా ఉందంటారు, వద్దంటారు. అసలు సంగతేందో చెప్పండి, నాకూ తిరుగుడు తప్పుద్ది.”

ఆయన నవ్వి, భార్య చేతులు చూపించారు. వేళ్ళ కొనలు తెల్లగా, రక్తం లేనట్టు ఉన్నాయి. డాక్టర్లు దానికి ఏదో పేరు చెప్పారట. చలి తగిలితే వేళ్ళకు రక్తం అందదు, తిమ్మిరెక్కి నొప్పి పుడుతుంది. కొండ మీద ఏడాదిలో సగం రోజులు ఆమె జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు, సూదిలో దారం ఎక్కించలేదు.

“జడ కూడా ఈయనే వేస్తారు” అన్నారు లలితమ్మగారు, తల వంచుకుని. “పెళ్ళైన కొత్తల్లో ముచ్చటగా ఉండేది. ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. నా తల నేను దువ్వుకునే ఊరు కావాలి, అంతే.”

“మరి మా ఊరే ఎందుకొచ్చారమ్మా?”

దానికి ఆయనే జవాబు చెప్పారు. “ప్రతి వేసవిలో టీవీలో మీ పల్నాడు పేరే. రెంటచింతలలో ఎండ మండిపోతోంది, ఎవరూ బయటికి రావద్దంటారు. మేము కంబళి కప్పుకుని ఆ వార్త వింటూ, అబ్బ, ఎంత అదృష్టవంతులో అనుకునేవాళ్ళం.”

నేను నడిరోడ్డు మీద పగలబడి నవ్వాను. మా ఎండను చూసి అసూయపడ్డవాళ్ళను పుట్టి బుద్ధెరిగాక అప్పుడే చూశాను. నవ్వు ఆగాక నాకు కోటేశ్వరమ్మ పిన్ని ఇల్లు గుర్తొచ్చింది.

పిన్నిది మేడ మీద పోర్షన్. పడమర పొడవునా కిటికీలు. ముందు అడ్డంగా ఏ మేడా లేదు. డాబా ఎక్కితే కోటప్పకొండ కనబడుతుంది. శీతాకాలంలో వచ్చినవాళ్ళు ఏప్రిల్‌లో సామాను సర్దుకునేవాళ్ళు. ఆ ఇంటికి అద్దె తక్కువ ఉండటానికి కారణం అదే. నా పద్ధతి పక్కన పెట్టి, ఎండ బాగా పడమటికి వాలాక తీసుకెళ్ళాను. కిటికీలోంచి గది మధ్య దాకా ఎండ పడుతోంది. లలితమ్మగారు వెళ్ళి ఆ ఎండలో కూర్చున్నారు, ఎవరో పీట వేసినట్టు. లేవలేదు. ఆయన అక్కడే టోకెన్ ఇచ్చారు. ఇల్లు ఇంకొకరికి ఇవ్వకుండా ముందు చేతిలో పెట్టే సొమ్మును మేము అలా అంటాం. ఫిబ్రవరిలో సామానుతో వస్తామని చెప్పి కొండకు వెళ్ళిపోయారు.

“వాళ్ళకు ఎండంటే ఇష్టం పిన్నీ” అని నేను చెప్పాను. పిన్ని బుగ్గలు నొక్కుకుంది.

“ఎండ ఇష్టమని ఎవరన్నా అంటారటే? పిచ్చిమొగమా, అద్దె తక్కువని సర్దుకుంటన్నారు పాపం, మర్యాదస్తులు గాబట్టి.”

ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున లారీ వచ్చింది. వాళ్ళిద్దరితో పాటు నేనూ మెట్లెక్కాను. తలుపు తీయగానే నాకు ఒళ్ళు జల్లుమంది. పైన డాబా అంతా వరిగడ్డి దట్టంగా పరిపించింది పిన్ని. పడమటి కిటికీలకు చెక్కలు బిగించి, వాటి ముందు వట్టివేళ్ళ తడికలు వేలాడదీసింది. తడికలు తడిపి ఉంచింది కూడా. గదంతా మంచి వాసన, బావిలో ఉన్నంత చల్లదనం. మే నెలలో మా ఊరివాళ్ళెవరికైనా అది స్వర్గమే.

పిన్ని గుమ్మంలో నిలబడి మురిసిపోతోంది. “పెద్దోళ్ళు, అద్దెకి కక్కుర్తిపడి ఎండలో మాడతారా అని నా మనసొప్పలా. మనిషిని పెట్టి మొత్తం చేయించా. ఎట్టుందమ్మా?”

“చాలా... చాలా బాగుందండీ” అన్నారు లలితమ్మగారు. చేతులు కొంగులో దాచుకున్నారు.

జగన్నాథంగారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు. కిందికి చూసి, “తాళ్ళు విప్పకు బాబూ, కాసేపాగు” అని లారీ డ్రైవరుకు చెప్పారు. తర్వాత నాతో గొంతు తగ్గించి అన్నారు. “కరుణమ్మా, మేము వెళ్ళిపోతాం. తమిళనాడులో నా స్నేహితుడొకడు ఒక ఊరు చూసిపెట్టాడు. ఏదో అవసరం పడిందని ఇంటావిడకు నువ్వే చెప్పు.”

“ఎందుకయ్యగారూ? ఆ తడికలు తీయించేస్తే సరిపోయె.”

“అంత ప్రేమగా చేసింది. తీసేయండి అని ఏ నోటితో అంటాం? లలిత అననివ్వదు. ఊరుకుంటే ఇక్కడే ఉండి చలికి ఓర్చుకుంటుంది. తన సంగతి నాకు తెలుసు.”

నేను అక్కడే కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకున్నాను. ఎవరి మనసూ నొప్పించకుండా నిజం చెప్పే దారి చూపించమని. దారేమీ తట్టలేదు. అందుకని సూటిగానే వెళ్ళి చెప్పాను. “పిన్నీ, వాళ్ళు మర్యాదకు అనలేదు. నిజంగానే ఎండ కోసం వచ్చారు. ఈ చల్లదనానికి ఆయమ్మ ఉండలేదు.”

పిన్ని ముఖం ముడుచుకుపోయింది. “అయితే నేను చేసింది దండగంటావ్? పేటలో పుట్టి పెరిగా, వేడి కావాలన్న మనిషిని చూళ్ళేదే. ఇల్లు నచ్చకపోతే నచ్చలేదని చెప్పమను, కతలెందుకు?”

లలితమ్మగారు కంగారుపడ్డారు. “అయ్యో, అలా కాదండీ, ఉంటాను, నాకేం ఫర్వాలేదు” అంటూ, ఓదార్చడానికి పిన్ని చేయి పట్టుకున్నారు.

పిన్ని ఉలిక్కిపడింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

“ఏందమ్మా ఇది! ఐసుగడ్డలా ఉంది చెయ్యి! రామ రామా, పండు లాంటి మనిషిని తెచ్చి నేనే గడ్డి కింద కప్పెట్టాను గదే!” అని, లారీ డ్రైవరును కేకేసింది. “ఒరేయ్ అబ్బాయ్, సామాను తర్వాత. ముందు పైకి రా, ఈ చెక్కలూడబెరుకు!”

ఇక ఆమెను ఆపడం మా వల్ల కాలేదు. తడికలు తనే లాగేసింది. గడ్డి డాబా మీంచి వీధిలోకి పడుతుంటే పక్కింటి పాలాయన, “పిన్నీ, నా గేదెలకు పండగే!” అని అరిచాడు. “పండగ తర్వాత, ముందు పలుగు తీసుకుని రారా!” అంది పిన్ని. ఆ పూట వాళ్ళకు భోజనం ఆమె ఇంట్లోనే. గోంగూర పచ్చడి కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని జగన్నాథంగారికి చెమటలు పడుతుంటే, పిన్ని విసనకర్ర ఇచ్చింది. నాకు అప్పుడు తెలిసింది, ఆయనకు వేడి అస్సలు పడదని. కొండ చలి ఆయన ప్రాణం. ఆ సంగతి ఆయన మాకెవరికీ చెప్పలేదు.

ఎండ వాలాక అందరం పైకెళ్ళాం. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గచ్చు మీద మళ్ళీ ఎండ పరుచుకుని ఉంది. లలితమ్మగారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. ఇనుము బాగా కాలి ఉంది. మాలో ఎవరైనా అయితే చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్ళం. ఆమె వేళ్ళు మెల్లమెల్లగా గులాబీ రంగుకు తిరిగాయి.

ఆయన అలవాటు ప్రకారం సంచిలోంచి దువ్వెన తీశారు. ప్రయాణంలో ఆమె జుట్టు చెదిరిపోయి ఉంది. దువ్వెన ఆమె అందుకుని, జుట్టు ముందుకు వేసుకుని, మూడు పాయలు చేసి, తనే అల్లుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి వేళ్ళు తడబడ్డాయి. విప్పి మళ్ళీ అల్లారు. జగన్నాథంగారు ఖాళీ చేతులతో చూస్తూ నిలబడ్డారు. ఆయన ముఖంలో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుని కిందికి దిగి, “దించరా సామాను” అంది.

ఆ తడికలు వృథా పోలేదు. పిన్ని వాటిని కింద తన వరండాకు కట్టించింది. వేసవిలో మధ్యాహ్నాలు జగన్నాథంగారి కుర్చీ ఆ తడికల వెనకే. పైన ఆవిడకు ఎండ, కింద ఆయనకు నీడ. “ఒకే ఇంట్లో రెండూళ్ళ కాపురమమ్మా వీళ్ళది” అంటుంది పిన్ని వచ్చినవాళ్ళందరితో. సాయంత్రం చల్లబడ్డాక ఆయన పైకెళ్ళి భార్య జడ వేస్తారు. ఆమె వేళ్ళు బాగానే ఉన్నా సరే. ఆ మాట లలితమ్మగారే చెప్పారు, ఈసారి తల వంచుకోకుండా.

ఇప్పుడు విజిట్‌లు తగ్గిపోయాయి. ఇంటిని ఫోన్‌లో వీడియో తీసి పంపమంటున్నారు. పంపుతున్నాను. వీడియోలో గోడలు కనబడతాయి గానీ, ఆ గోడ మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో కనబడదు. అందుకే ఎవరడిగినా, ఎలాంటి ఇల్లు కావాలని నేను ముందు అడగను. ఇప్పుడున్న ఇంట్లో మీరు ఏం చేసుకోలేకపోతున్నారు అని అడుగుతాను. జనం మొదట తెల్లబోతారు, తర్వాత చాలాసేపు చెబుతారు. ఇల్లు దొరికేది ఆ మాటల్లోనే. ఈ సంగతి లలితమ్మగారి వల్ల నేర్చుకున్నాను, అందుకు ప్రతి రాత్రి ప్రార్థనలో ఆమె పేరు తలుచుకుంటాను.

వాళ్ళొచ్చిన మొదటి మే నెలలో ఒక మధ్యాహ్నం, ఎట్లా ఉన్నారో చూద్దామని వెళ్ళాను. చెమటతో నా జుట్టంతా మెడకు అంటుకుపోయి ఉంది. లలితమ్మగారు నన్ను చూసి, “ఇలా వచ్చి కూర్చో కరుణా” అన్నారు. వద్దంటున్నా వినకుండా కిటికీ దగ్గర కూర్చోబెట్టి నా ముడి విప్పారు. మా అమ్మ పోయాక నా తల ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఆమె వేళ్ళు నా మెడకు తగిలాయి, వెచ్చగా. ఆ ఎండలో నేను కదలకుండా కూర్చున్నాను. ఒళ్ళో బైబిలు లేదు గానీ, జడ పూర్తయ్యేదాకా నా పెదాలు చదువుతున్నట్టే కదులుతూ ఉన్నాయి.