కచేరీల మైదానంలో వేలిముద్ర

ఏలూరులో కలెక్టరు కచేరీ, కోర్టు, ఖజానా మూడు వైపులా ఉండేవి. వాటి మధ్య మైదానంలో నేను అర్జీలు రాసి బతికేవాణ్ణి. పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. గంట కొడితే లేచేవాణ్ణి, బంట్రోతు కేకేస్తే లేచేవాణ్ణి, నాతో పనిలేకపోయినా సరే.

ఒకరోజు కొల్లేటి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పట్టకూడని చోట చేపలు పట్టాడని ఆయన తాటిదోనెను జప్తు చేశారట. మూడు గంటలకు ఆ మైదానంలోనే వేలం. ఈలోగా అర్జీ అందితే ఆగుతుంది. దోనె పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

గబగబా రాసి, వేలిముద్ర వేయించి కలెక్టరు కచేరీకి పట్టుకెళ్లాను. అక్కడి గుమాస్తా కాగితం విసిరికొట్టాడు.

"ఇది వేలిముద్రా, సిరామరకా? సరిగ్గా వేయించుకురండి."

మళ్లీ వేయించాను. మళ్లీ మరకే. ఏళ్ల తరబడి వలతాడు లాగి లాగి ఆ వేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి.

"గట్టిగా నొక్కు తాతా!"

"నొక్కుతూనే ఉన్నానండీ బాబూ. దాని బతుకే అంతండీ" అని నవ్వాడు.

ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. రెండున్నర దాటింది. అవతల వేలం డప్పు మొదలైంది. ఇక ఓపిక పట్టలేక, కొత్త కాగితం మీద నా బొటనవేలే నొక్కేశాను. గీతలు కనిపిస్తే చాలు, ఎవడు చూడొచ్చాడు అనుకున్నాను.

గుమాస్తా చూశాడు. జప్తునాటి రిజిస్టరు తీసి పక్కన పెట్టుకున్నాడు. అందులో ముసలాయన వేసింది మరక, నా కాగితం మీద చక్కటి గీతలు. ముసలాయన్ని పిలిచి తన ఎదుటే వేయించాడు. మరకే పడింది.

"మరి ఈ కాగితం మీది వేలు ఎవరిదిరా?"

ముసలాయన నా వంక చూశాడు.

"నాదేనండీ. ఇందాక చెయ్యి పొడిగా ఉందండీ, ఇప్పుడు చెమట పట్టేసిందండీ."

గుమాస్తా నమ్మలేదు. జైల్లో పెట్టించనందుకు సంతోషించమని అర్జీ చింపేశాడు. మూడింటికి దోనె వేలంలో పోయింది.

వెళ్లేముందు ముసలాయన నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీకేం మాట రాలేదు కదండీ బాబూ?" అని అడిగాడు.

లేదన్నాను. తప్పు నాదేనన్న ఒక్క ముక్క మాత్రం అనలేకపోయాను. గుమాస్తా ఇంకా వరండాలోనే ఉన్నాడు, వింటాడేమోనని.