పంటి మీద నేతముడి

నా కోరపన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉండేది. పన్నెండేళ్లప్పుడు దానికి తీగ వేయించారు. సూరత్‌లోని ఆల్థాన్‌లో కొత్తగా క్లినిక్ పెట్టిన ఒక తెలుగు డాక్టరమ్మ ఆ పని చేసింది. తీగ వదులైతే పన్ను పాత చోటికే పోతుందని, నెలల పని మళ్లీ మొదటికొస్తుందని వెళ్లిన ప్రతిసారీ చెప్పేది.

మా నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. పాండేసరాలో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌కు మావాళ్ల మాట అది. సూరత్‌లో మగ్గం మీది పోగునూ తార్ అంటారు, పళ్లకు వేసే తీగనూ తార్ అంటారు. క్లినిక్‌లో ఆ మాట విన్నప్పుడు బాపుకు అది తనకు తెలిసిన పనే అనిపించి ఉంటుంది.

దీపావళి మరునాడు వద్దన్న చెరుకు కొరికాను. కోరపన్నును తీగకు పట్టి ఉంచే చిన్న రబ్బరు రింగు తెగిపోయింది. డాక్టరమ్మ సొంతూరు వెళ్లింది, పది రోజుల దాకా రాదు. సాంచాలు కూడా బంద్. నేను ఏడుస్తుంటే బాపు లేచి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

"నోరు తెరువు బిడ్డా. జర పెద్దగ."

"ఏం జేస్తవ్ బాపూ?"

"తార్ జారితే ఏం జేస్తం? ముడేస్తం."

"అది పన్ను, సాంచా గాదు," అంది అమ్మ.

"నువ్వు జర ఊకో."

వడోద్‌లో మా గది గుమ్మం దగ్గర, వెలుతురులో కూర్చోబెట్టి, సన్నటి పాలిస్టర్ పోగుతో పన్నునూ తీగనూ కలిపి నేతముడి వేశాడు. ఆ పది రోజులూ పొద్దున్నే నోరు తెరిపించి చూసేవాడు.

ఊరి నుంచి తిరిగొచ్చిన డాక్టరమ్మ నా నోట్లో అద్దం పెట్టి చూసి ఆగింది.

"ఇదెవరు కట్టారండీ?"

"నేనే మేడం. తప్పైంది." చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె ముడి విప్పబోయింది. రాలేదు.

"అది ఇప్పేది గాదు మేడం, కోసేదే."

ఆమెకు నవ్వొచ్చింది. కోసింది. తర్వాత స్కేలు పెట్టి కొలిచి, పాత కొలతలు రాసిన కాగితంతో పోల్చుకుంది. అంతసేపూ బాపు నా వైపు చూడలేదు.

"పన్ను కదల్లేదు. అయినా ఇంకెప్పుడూ ఇలా చేయకండి. దారం చిగుళ్లలోకి దిగితే పుండవుతుంది."

"చెయ్య మేడం. మళ్ల చెయ్య."

బాపు పోయి రెండేళ్లయింది. చివరి నెలల కంటే ఆ రోజు తిరుగు ప్రయాణమే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. షేర్ ఆటోలో బాపు ఉండబట్టలేక, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషితో డాక్టరమ్మ మాటే హిందీలో అన్నాడు, "దాంత్ హిలా నహీ."

ఆ మనిషి బాపును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, మంచిదే అన్నట్టు తల ఊపాడు.