ఎలుగు పడ్డ చోటు

మా ఆయన పులివేషం కట్టేవాడు. పీర్ల పండుగకు ఏన్కూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో డప్పు మోగినా ముందు ఆయనకే కబురు వచ్చేది. ఆడేది ఆయనే గానీ, ఒంటి మీద చారలు గీసేది నేను. నాకు అక్షరాలు రావు, ఇది కూడా నేను చెబుతుంటే మా కోడలే రాస్తోంది. కానీ పులిచారలు మాత్రం కళ్లు మూసుకుని గీస్తాను.

ఆయన పోయి నాలుగేళ్లయినా ఇంట్లో ఆయన ఫోటో ఒకటే, ఓటరు కార్డు మీదిది. అందులో సూదిమందుకు వరుసలో నిలబెట్టిన పిల్లాడిలా ఉంటాడు. ఆయన పులిని ఎవరూ ఫోటో తీయలేదు. ఆ దిగులు ఒకటి నాకుండేది.

అప్పుడే ఖానాపురం హవేలి అనే ఊళ్లో స్టూడియో ఉన్న ఫోటోగ్రాఫరు మా ఊళ్లో పెళ్లికి వచ్చాడు. నా సంగతి ఎవరో చెబితే ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"బాడీ పెయింట్ అమ్మా. ఒంటి మీద బొమ్మ గీసి, లైట్లు పెట్టి తీస్తం. పోటీకి పంపాలె."

"మేం దాన్ని పులివేషం అంటం బిడ్డా. గీస్త. ఒక ఫోటో నాకియ్యాలె, గోడకు పెట్టుకునేంతది."

"అంతకన్నానా!"

ఇక ఒళ్లు కావాలి. మా మరిదిని అడిగాను. అన్న ఎత్తే, అన్న భుజాలే. పొట్ట మాత్రం సొంతంగా సంపాదించుకున్నాడు. "నాకెందుకొదినా ఈ లొల్లి" అంటూనే మర్నాడు బస్సు కంటే ముందొచ్చి నిలబడ్డాడు.

స్టూడియో అంటే ఒక్క షట్టరు గది. వెనక నల్లగుడ్డ, ఎదురుగా రెండు లైట్లు, వాటికి రెండు తెల్ల గొడుగులు.

"ఇంట్ల వానొస్తదా బిడ్డా, గొడుగులు పెట్టినవ్?"

"గొడుగుంటే ఎలుగు మెత్తగ పడ్తదమ్మా."

మా వైపు వెలుగునూ ఎలుగే అంటాం, ఎలుగుబంటినీ ఎలుగే అంటాం. మా ఆయన ఇప్పపువ్వుకు అడవికి వెళ్లినప్పుడు ఎలుగు మీదపడి వీపున, భుజం కింద పీకింది. అందుకే అన్నాను, "మీ గొడుగు అప్పుడుంటే మా ఇంటాయన మీద గూడ మెత్తగ పడేది."

మరిది పడీపడీ నవ్వాడు. ఫోటోగ్రాఫరుకు అర్థం కాలేదు, అయినా మర్యాదకు నవ్వాడు.

పసుపుపచ్చ రంగు వార్నిష్‌లో కలిపి మరిదికి పూశాను. ఆరేదాకా కూర్చోకూడదు, చేతులు ఒంటికి తగలకూడదు. రెండు కట్టెలు ఆసరాగా ఇచ్చి, చేతులు చాపి నిలబెట్టాను. చారలు గీయబోతే మెలికలు తిరుగుతాడు.

"పులికి చక్కిలిగింతలుంటయా?"

"పొట్ట లోపలికి పట్టి నిలబడ్డోనికి ఊపిరే లేదు, ఇంక చక్కిలిగింతలు గూడనా వదినా!"

అంతా అయ్యాక లైట్లు వేశారు. వార్నిష్ తళతళ మెరిసి, చారలన్నీ అందులో కలిసిపోయాయి. పులి కాదు, పసుపు పూసిన గుమ్మడికాయ నిలబడ్డట్టుంది. ఫోటోగ్రాఫరు గొడుగులు ఇటు జరిపాడు, అటు జరిపాడు. గుమ్మడికాయ గుమ్మడికాయగానే ఉంది.

"బిడ్డా, మేం ఆడినప్పుడు గ్యాసు లైటు పక్క నుంచి మోసుకొచ్చేటోళ్లు. ఎదురుంగ ఎవలూ పెట్టలే. ఒకటి తీసెయ్. ఇంకోటి గొడుగు తీసి నేల మీద పెట్టు, వీపు పక్కకు."

పెట్టాడు. మరిది వీపును కెమెరా వైపు తిప్పాను. వెలుగు వీపు మీదుగా అడ్డంగా పాకింది. పక్కటెముకలు లేచాయి, చారలు కదిలాయి. పొట్ట చీకట్లోకి వెళ్లింది.

"అమ్మా, భుజం కింద బెత్తెడు చోటు రంగే పడలేదు," అన్నాడు ఫోటోగ్రాఫరు.

చూశాను. ఎలుగు పీకిన చోటు. వార్నిష్ తగిలితే అక్కడ మంటని, మా ఆయనకు ఎప్పుడూ ఆ చోటు వదిలి, చారను చుట్టూ తిప్పేదాన్ని. మచ్చ లేని వీపు మీద కూడా నా చెయ్యి అలాగే తిరిగింది.

"ఏందొదినా, ఏమైంది?" కట్టెలు వదిలి చూసుకోలేక మరిది గింజుకున్నాడు. చెప్పాను. గింజుకోవడం మాని, కట్టెలు గట్టిగా పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"జడ్జీలు తప్పనుకుంటరమ్మా," అన్నాడు ఫోటోగ్రాఫరు. మాట ఇచ్చాను కదా, రంగు నింపి కుంచె పెట్టాను. నా చెయ్యి ఎన్నడూ తొక్కని చోటది. గీత జెర్రి పాకినట్టు వచ్చింది.

"వదినా, పులి మీద ఏదో పాకుతున్నట్టున్నది!"

"కదలకు. నీకంటె అదే బాగున్నది."

కిరసనాయిలు గుడ్డతో ఆ చోటంతా తుడిచేశాను. ఫోటోగ్రాఫరు కెమెరాలోంచి చాలాసేపు చూశాడు.

"ఉండనీయండి. ఎలుగు ఆడనే ఆగుతున్నది," అని బటన్ నొక్కాడు.

పోటీలో దానికేమీ రాలేదు. నా ఫోటో మాత్రం నాకు వచ్చింది. వీపు, భుజాలు, పక్కకు తిరిగిన చెంప, ఆ బెత్తెడు ఖాళీ. గోడకు పెట్టిన రోజే పక్కింటి ముసలమ్మ వచ్చి చూసింది.

"నీ పెనిమిటి ఎప్పుడు దిగిండే ఈ ఫోటో?"

మరిది అక్కడే ఉన్నాడు. "అవ్వా, అది నేను! పొద్దుగాల నుంచి కట్టెలు పట్టుకొని నిలబడ్డది నేను!"

ముసలమ్మ కర్ర ఎత్తి ఫోటోలో భుజం కింద ఆనించింది.

"మరి ఎలుగు పీకింది నిన్నా?"

వాడు నా వైపు చూశాడు, తీర్పు చెప్పమన్నట్టు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయాను. చక్కెర మాత్రం వాడి గ్లాసులో ఒక చెంచా ఎక్కువే వేశాను.