మావయ్య తనకే ఉంచుకున్న వరస

డిసెంబరులో బస్సు ఉయ్యూరు దాటుతుంటే చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మొలాసిస్ పులిసిన వాసన లోపలికి వస్తుంది, పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం పాట ప్రాక్టీసుకి వేళయిందనిపిస్తుంది.

తొంభైల్లో మా చర్చి పాటలన్నీ మా అమ్మ తమ్ముడు దేవదానం మావయ్య కట్టినవే. ఆయన పై స్థాయిలో పాడితే బందరు కాలవలో గుర్రపుడెక్క రెండుగా చీలి పడవకి దారిచ్చేదని నేను క్లాసులో చెప్పేదాన్ని. సగంమంది నమ్మారు, మిగతా సగం మా పేటవాళ్ళు కాబట్టి తామూ చూశామన్నారు. ఇళ్ళల్లో అరిసెల పాకం ఉడుకుతుంటే, చెరుకు బళ్ళ వెనక పరిగెత్తి లాక్కున్న గడలు నములుతూ మేం పాటకి చేరేవాళ్ళం. మావయ్య అందర్నీ కలిపి కూర్చోబెట్టేవాడు కాదు. ఆడవాళ్ళకి వసారాలో, మగవాళ్ళకి కాలవ గట్టున, పిల్లలకి గడ్డివాము పక్కన, ఒకే పాటకి వేరువేరు వరసలు కట్టి ఎవరిది వాళ్ళకే నేర్పేవాడు, పక్కవాళ్ళది వింటే అందులోకి జారిపోతామని ఆయన భయం. కాగితం మీద పెట్టడం రాదు, హార్మోనియం ముట్టుకోడు. అన్నిటి మధ్యా నడిచే అసలు వరస ఆయన ఒక్కడిదే, క్రిస్మస్ పండగ పొద్దున గొంతులన్నీ కలిసినప్పుడే అది మాకూ మొదటిసారి వినపడేది.

"ఆ నడిమి వరస మాక్కూడా చెప్పొచ్చుగదండీ" అని ఆయన భార్య, మా అత్తయ్య, సణిగేది.

"చెబితే అందరూ దాన్నే పట్టుకు వేలాడతారే" అని చుట్ట వెలిగించుకునేవాడు.

నేను ఏడో క్లాసులో ఉండగా, కొత్త పాటకి మా వరసలన్నీ నేర్పేశాక, ఆయన గొంతులో పుండు బయటపడింది. బెజవాడలో ఆపరేషను చేసి గొంతు పెట్టె తీసేశారు. మెడ దగ్గర చిల్లుతో, ఊపిరి తప్ప శబ్దం లేకుండా ఇంటికొచ్చాడు.

ఆ పాట బతకాలంటే నడిమి వరస ఎవరికో ఒకరికి అందాలి. మంచం మీద కూర్చుని చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ దాని ఎత్తుపల్లాలు చూపించాడు, మేం చుట్టూ చేరి తలా ఒక రకంగా పాడాం.

"ఇట్టనా మావయ్యా?"

తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, ఇంకాస్త పైనుంచా?"

మళ్ళీ అడ్డంగానే.

"ఏదో ఒకదానికి ఊఁ అనండి, పిల్లలు అన్నాలు తినాలి" అంది అత్తయ్య. అనేసి, నాలిక్కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పండగ పొద్దున మా మూడు వరసలే పాడాం. ఇల్లు కూలిపోయి చుట్టూ వసారాలు నిలబడ్డట్టుంది. ముందు బల్ల మీద మావయ్య పెదవులు కదుపుతున్నాడు. మాటలు పోల్చుకోగలిగాం, రాగం పోల్చుకోలేకపోయాం. ఎండలు ముదరకముందే ఆయన పోయాడు.

ఇప్పుడు చర్చిలో కీబోర్డు, స్పీకర్లు, అందరిదీ ఒకటే వరస. ఆనాటి మగగొంతులు చాలావరకు సమాధుల్లో ఉన్నాయి, ఆడవాళ్ళు చల్లపల్లికీ మైలవరానికీ తలో దిక్కూ చెదిరిపోయారు. మొన్న క్రిస్మస్‌కి ఆరాధన మొదలవకముందు ఆ పాటలో నా వరస నేను సన్నగా పాడుకుంటుంటే, పక్కన కూర్చున్న క్వయరు అమ్మాయి ఇటు తిరిగింది.

"ఏం పాటాంటీ అది? ట్యూనే లేదు."

"మధ్యలో ఇంకో గొంతుండాలమ్మా."

ఆ అమ్మాయి మర్యాదగా తలూపి, మైకు సరిచూసుకోవడానికి లేచి వెళ్ళింది.