పెద్దబాపు తప్పిన తాళం

మొన్న పొద్దున కొడకండ్ల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండే. నిద్రల్నే పోయిండు" అన్నాడు. వాడు మా పెద్దబాపు కొడుకు. నాకు ముందు పెద్దమ్మే గుర్తొచ్చింది. "పెద్దమ్మ ఎట్లున్నదిరా?" అని అడిగాను. "ఏడుస్తలేదక్కా. ఎడమ చెయ్యితోని తొడ మీద కొట్టుకుంట కూసున్నది" అన్నాడు. జనగామలో బస్సెక్కి కూర్చున్నాక నాకే ఏడుపొచ్చింది. ఆ కొట్టుకోవడమేమిటో మా ఇంటివాళ్లకు తెలుసు. మీకు కూడా చెప్పాలని ఇది రాస్తున్నాను.

పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త రాగి తీగ చుట్టి వైండింగ్ కట్టేవాడు. ఎండాకాలంలో కరెంటు సరిగ్గా రాక మోటర్లు కాలితే రైతులు ఆయన దుకాణం ముందు వరుస కట్టేవాళ్లు. ఎన్ని మోటర్లున్నా ఆయన చెయ్యి తొందరపడేది కాదు. ఆయనకు రానిదల్లా తాళం. భజనలో సప్పట్లు కొడితే పక్కవాళ్ల చేతులు కూడా తప్పేవి. ఉద్యమం రోజుల్లో దీక్షల టెంటు దగ్గర అందరూ "జై తెలంగాణ" అని చేతులు దించాక, ఒక్క గొంతు వెనక నుంచి "తెలంగాణ" అని వినిపించేది. అది మా పెద్దబాపుదే. "ఇగో, అన్న వస్తున్నడు, జర ఆగుండ్రి" అని పిలగాండ్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

పెద్దమ్మ సంగతి వేరు. రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడిన రోజుల్లో మండలమంతా ఆమె గొంతు వెంట తిరిగింది. ఆమె ఒక మాట ఎత్తుకుంటే చాలు, ఎక్కడి ఆడవాళ్లో వచ్చి వలయంలో కలిసేవాళ్లు. అటువంటి మనిషి ఒకరోజు టెంటులోనే కూలిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. రాస్తారోకో చేస్తున్నవాళ్లే రాళ్లు పక్కకు జరిపి ఆటోకు దారిచ్చారు. వరంగల్ దవాఖానలో ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. నోరు తెరిచేది, లోపల మాట ఉన్నట్టే ఉండేది, బయటికి వచ్చేది కాదు. ఆమె కళ్లలో ఆ పరేషాన్ చూడలేక మేమంతా వేరే దిక్కు చూసేవాళ్లం. పెద్దబాపు ఒక్కడే చూపు తిప్పేవాడు కాదు.

హనుమకొండలో మాటలు నేర్పే మేడమ్ ఒకామె ఉండేది. "ఈమె పాడేదా? అయితే పాడించండి. ఏం అడిగినా రాగం తీసి అడగండి. ఎడమ చేత్తో తొడ మీద తాళం వేయించండి" అంది. ఇంట్లో పాడే మనిషి పడకేసిన పెద్దమ్మ ఒక్కతే. తమ్ముడు హాస్టల్లో, నేను కాలేజీలో. ఇక మిగిలింది ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని బతుకమ్మ పాట వరసలో ఆయన ఎత్తుకునేవాడు. "అన్నం తిం... టవా ఉయ్యాలో." ఎక్కడ విరవకూడదో సరిగ్గా అక్కడే విరిచేవాడు. వాడకట్టంతా పండ్లికిలించింది. నేను సెలవులకు వచ్చినప్పుడు సరిదిద్దబోతే, "నువ్వు రేపు పోతవు బిడ్డా, నేనే గదా పాడాల్సింది" అన్నాడు. నీళ్లు తాగుతవా, కాలు గుంజుతుందా, ఎండ కొడుతుందా, అన్నీ ఉయ్యాలోలే. ఒకరోజు పెద్దమ్మ ఎడమ చెయ్యి తొడ మీద పడింది. "తిం... ట" అంది. ఆయన విరిచినచోటనే విరిచింది. ఆయన అన్నం పెట్టడం మరిచి టెంటు దగ్గరికి ఉరికి, "తింటనన్నది! తింటనన్నదిరా!" అని అరిచాడు. ఆపూట నినాదాలు ఆగిపోయి సప్పట్లు మోగాయట.

నేనిప్పుడు పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మెదడు పాఠం వచ్చినప్పుడల్లా ఆ అరుగే గుర్తొస్తుంది. మనం చదువుకునే రోజుల్లో, పెద్దయ్యాక మెదడు గట్టిపడిపోతుందని, పోయింది పోయినట్టే అని చెప్పేవాళ్లు. ఇప్పుడు పరిశోధకులు అట్లా అనడం లేదు. చచ్చిన కణాలు తిరిగి రావు కానీ, మిగిలినవి కొత్త పని నేర్చుకుంటాయట. మాట ఎక్కువగా ఎడమ దిక్కుది, రాగంలో కుడి దిక్కుకు పెద్ద వాటా ఉంది, ఎడమ చెయ్యిని ఆడించేది కూడా ఆ కుడి దిక్కే. పాట ఎవరికి ఎంత పనిచేస్తుందో ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. ఇదంతా పెద్దబాపుకు ఒకసారి వివరంగా చెప్పాను. చేతిలో రాగి తీగ కింద పెట్టకుండానే విన్నాడు. "మూడు ఫేజుల మోటరుకు ఒక ఫేజు పోతే కండెన్సర్ పెట్టి మిగిలిన రెండింటి మీదనే నడుపుతలేమా? గిదీ గంతే. జర ఊపు ఇచ్చుకుంట ఉండాలె" అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాను. మెదడుకు తప్పూ ఒప్పూ తెలియదు, దేన్ని పదే పదే చేస్తే ఆ దారే గట్టిపడుతుందని. దానికి మాత్రం దిగులుపడ్డాడు. "అయితే నా వంకర తాళమే దాని తలకాయల కూసుంటదా?" అన్నాడు.

కూర్చుంది కూడా. పెద్దమ్మ మెల్లగా చాలా మాటలు తెచ్చుకుంది, అన్నీ ఆయన విరుపులతోనే. రానిది ఒక్కటే. మేడమ్ ఆయన్ను చూపించి "ఈయన పేరేంటమ్మా?" అని అడిగితే తల వంచుకునేది. ఎన్నిసార్లు అడిగినా అంతే. భర్త పేరు కూడా రావడం లేదని మేడమ్ బాధపడితే నేను నవ్వాను. "మేడమ్, మా దిక్కు పెండ్లాలు మొగని పేరు చెప్పరు. లగ్గంనాడు దర్వాజ కాడ ఆడబిడ్డలు అడ్డం నిలబడితే పాటలో కలిపి చెప్పుడే, మళ్ల చెప్పరు" అన్నాను. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "మరి చెప్పకూడదని ఊరుకుంటోందో, నిజంగానే పోయిందో ఎట్లా తెలుస్తుంది?" అంది.

ఆ మాట పెద్దబాపును పట్టుకుంది. అంతవరకు ధైర్యంగా ఉన్న మనిషి, ఆమె తలలో తన పేరున్న చోటే కాలిపోయిందేమో అని లోలోపల నలిగిపోయాడు. "లగ్గంనాడు ఒక్కసారి ఇన్న బిడ్డా ఆమె నోట్లకెళ్లి. ఇంకొక్కసారి ఇంటే సాలు" అన్నాడు నాతో. మరునాటి నుంచి పాటలో తన పేరు తనే కలుపుకుని పాడటం మొదలుపెట్టాడు, దాన్ని కూడా నడిమికి విరిచి. అక్కడికి రాగానే పెద్దమ్మ చెయ్యి తొడ మీద ఆగేది. మొహం పక్కకు తిప్పుకునేది. అది సిగ్గో, మాట రాని బాధో మాకెవరికీ తెలిసేది కాదు. తెలంగాణ వచ్చింది, టెంటు తీసేశారు, కొడకండ్ల వరంగల్ జిల్లా పోయి జనగామ జిల్లా అయింది. అరుగు మీద ఆ పాట మాత్రం పొద్దుపొద్దునా సాగింది. నేను పోయినప్పుడల్లా ఆయన చెవిలో మెల్లగా "పలికిందా?" అని అడిగేదాన్ని. "ఇంటున్నదైతే ఇంటున్నది బిడ్డా" అనేవాడు.

నేను ఇల్లు చేరేసరికి ఆయన్ను ఆ అరుగు మీదే పడుకోబెట్టారు. ఆడవాళ్లు చుట్టూ ఏడుస్తున్నారు. పెద్దమ్మ తల దగ్గర కూర్చుని తొడ మీద తాళం వేస్తోంది. నన్ను చూసి తల ఊపింది. తర్వాత ఆయన మొహం మీదికి వంగి ఎత్తుకుంది. "అన్నం తిం... టవా ఉయ్యాలో." ఆ వెంటనే ఆయన పేరు. ఆయన నేర్పినట్టే, నడిమికి విరిచి, స్పష్టంగా. ఆ పేరు నేనిక్కడ రాయను. అది ఆమెది.

ఆయన ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యంగానే అందుకునేవాడు కదా. పెద్దమ్మ ఎడమ చెయ్యి గాల్లోనే ఆగి, ఆయన కోసం చూస్తోంది.