ఫ్లోరిన్ ఎందుకు తక్కువ గుంజుతది?

మా ప్రభావతి ఎట్లాంటి మనిషంటే, మొజంజాహీ మార్కెట్ల ఐస్‌క్రీం కొనవోయి, ఉప్పేస్తే మంచు ఇంకింత సల్లగెట్లయితదని దుకాణపాయన పానం తోడే రకం. నాంపల్లి ఆడపిల్లల బడిల తను సైన్సు, నేను తెలుగు చెప్తుంటిమి. తన చదువంతా ఉర్దూలనే అయింది. పందొమ్మిది వందల యాభై అయిదుల, ఇన్‌స్పెక్టర్ ముందట తెలుగుల పాఠం చెప్పలేకుంటే కొలువు పోతదన్నరు. ఇంట్ల సంపాదించేది తనొక్కతే.

తెలుగు నేర్పే బాధ నా నెత్తిన పడ్డది. "కశిష్ అంటే ఆకర్షణ" అని నెల దినాలు నూరిపోసిన. నాకు సైన్సంటేనే తలనొప్పి. అయినా వినంగ వినంగ నాకే ఆత్రం పట్టుకున్నది. కంటికి కానరాని పరమాణువు ఎలక్ట్రాన్ కోసం ఎగబడుడేంది?

ఆ రోజు ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చి వెనక కూసున్నడు. నేను తలుపుకాడ నిలబడ్డ. ప్రభావతి బోర్డు మీద మూలకాల పట్టిక గీసింది.

"గీ వరుసల కుడికి పోంగ పోంగ పరమాణువు ఎలక్ట్రాన్‌ను ఎక్కువ గుంజుతది. కిందికి పోతే గుంజుడు తగ్గుతది. ఎలక్ట్రాన్లుండే బయటి అర నడిమి కేంద్రకానికి దూరమైతది గద!"

గుంజుడట! నా కష్టమంతా గంగల కలిసింది. పిల్లలు కిసుక్కున నవ్విన్రు.

"మరి కుడి చివరున్న నియాన్ గుంజదేంది టీచర్?" అని పద్మ లేచింది.

"దాని ఇల్లు నిండింది బిడ్డా. ఇంకొకరికి జాగ లేదు."

నవ్వులు ఆగినయి. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నడు.

"ఫ్లోరిన్ క్లోరిన్‌కు పైన ఉంది, చిన్నది కూడా. అదే ఎక్కువ గుంజాలి. కొత్త కొలతల్లో తక్కువే వచ్చిందట. ఎందుకమ్మా?"

ఆయన నోట గూడ గదే మాట! ప్రభావతి ఆయన దిక్కు తిరిగింది.

"నాకు తెల్వదు సార్."

 ఓ తల్లీ, ఏదో ఒకటి చెప్పరాదూ!

"ఇల్లు మరీ ఇరుకైతే, లోపలున్న ఎలక్ట్రాన్లే కొత్తగొచ్చినదాన్ని బయటికి నూకుతయేమో," అన్నది మెల్లగ. "ఇప్పుడే తోచింది. జర చదివి చెప్తా సార్."

"ఎప్పుడు చెప్తారు?"

"కొలువుంటే రేపే చెప్తా."

"తొందర లేదు. నేనూ చదువుకుని, వచ్చే ఏడు ఇదే తరగతికి వస్తాను. అప్పుడు మీరే చెప్పాలి."

వచ్చే ఏడు అనంగనే నాకు ఏడుపు ఆగలేదు. ప్రభావతికి ఆ మాట ఇనబడ్డదో లేదో, అప్పటికే బోర్డు దిక్కు తిరిగి ఫ్లోరిన్ చుట్టు ఎలక్ట్రాన్లు గీస్తున్నది.