లస్మవ్వ రాకముందే రాసిన రాజీనామా

1869వ సంవత్సరం. శివరాత్రి వెళ్ళి పది రోజులైంది. అప్పటికి నేను సిరొంచ కచేరీలో ముహరీరుగా, అంటే అర్జీలూ వాంగ్మూలాలూ రాసే గుమాస్తాగా, ఆరేళ్ళు పనిచేశాను. నా దస్తూరి చూసి మా పై అధికారి అయిన ఇంగ్లీషు దొర ఒకసారి మెచ్చుకున్నాడు. ఆ సంగతి సిరొంచలో నా నోట వినని మనిషి లేడు.

అయినా జనానికి నా దస్తూరితో పనిలేదు. అన్నదమ్ముల పంపకమైనా, గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్ళాల పోట్లాటైనా ముందు రేగుంట లస్మవ్వ దగ్గరికే పోయేవారు. లస్మవ్వ మంత్రసాని. అక్షరం ముక్క రాదు. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమందికి బొడ్డు కోసింది ఆమే కాబట్టి ఆమె ముందు అబద్ధమాడటానికి జనం సిగ్గుపడేవారు. ఆమె పద్ధతి ఒకటే. ఇరుపక్షాలనూ వెంటబెట్టుకుని తగాదా ఉన్న చోటంతా కాలినడకన తిరిగేది, ఆగిన చోటల్లా ఏదో ఒకటి అడిగేది. పొద్దువాలేసరికి వాళ్ళు ఒక మాట మీదికి వచ్చేవారు. ఆమె తీర్చిన తగువు మళ్ళీ కచేరీకెక్కిన గుర్తు నాకు లేదు. మేము తీర్చినవి మాత్రం ఏడాది తిరక్కుండా అప్పీలుకు పోయేవి.

ఆమె పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. దాచడమెందుకు, అది శుద్ధ అసూయ. ఎవరైనా "అవ్వ చెప్పింది" అంటే చాలు, ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు రేగుంటలో రాజం, పోశెట్టి అనే అన్నదమ్ములకు పంపకం తగువు వచ్చింది. తండ్రి పోయాక చేను ఎలా పంచుకోవాలో తెగలేదు. ఇద్దరూ లస్మవ్వనే పిలవాలనుకున్నారు. కానీ ఆమె ఒక పురుడు పోయడానికి పెర్మిలి వెళ్ళింది, నాలుగైదు రోజులకు గానీ రాదు. ఈలోగా అన్నదమ్ములిద్దరూ సిరొంచ అంగడికి వచ్చారని నా చెవిన పడింది. నాకు అంతకంటే ఏం కావాలి? పిలిపించి కూర్చోబెట్టాను.

"అవ్వ వచ్చేదాక ఆగుదమనుకున్నం పంతులూ," అని రాజం నసిగాడు.

"ఆమె మాట చెప్తది. నేను కాగితం ఇస్త. ఏది గట్టిది?" అన్నాను.

మధ్యాహ్నానికల్లా రాజీనామా తయారైంది. ఇరుపక్షాలూ రాజీపడ్డామని ఒప్పుకుని నిశానీలు పెట్టే కాగితాన్ని మేము అలా అనేవాళ్ళం. తూర్పు చెక్క రాజానికి, పడమటి చెక్క పోశెట్టికి. కచేరీలో ఉన్న పాత నమూనా చూసి "చెట్టు చేమ సహితంగా" అని కూడా చేర్చాను. చదివి వినిపిస్తే ఇద్దరూ తలూపారు. నా కచేరీ భాష వాళ్ళకు సగం కూడా ఎక్కలేదని నాకు తెలుసు. దొర "బాగుంది" అంటూ సంతకం పెట్టాడు. తిరిగొచ్చాక లస్మవ్వ మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

వారం తిరక్కుండా ఒక ఆడమనిషి కచేరీ మెట్ల దగ్గర నిలబడింది. ఆ అన్నదమ్ముల అక్క, ఎల్లక్క. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో పుట్టిన ఊళ్ళోనే వేరే గుడిసెలో ఉంటోంది.

"అయ్యా, నా ఇప్పచెట్లు మీ కాగితంల ఎట్ల వోయినయ్?" అని అడిగింది.

అక్కడ నేల ఒకరిదీ, దాని మీది ఇప్పచెట్టు మరొకరిదీ కావచ్చు. పువ్వు రాలే ముందు చెట్టు కింది ఆకు ఊడ్చి తగలబెట్టి నేల శుభ్రం చేస్తారు. ఏటేటా ఎవరు ఊడుస్తారో చెట్టు వాళ్ళదేనని ఊరు ఒప్పుకుంటుంది. పడమటి చెక్కలోని రెండు చెట్లను తండ్రి బతికుండగానే ఎల్లక్కకు ఇచ్చాడు. ఇప్పుడు పోశెట్టి భార్య వాటి కింద ఊడ్చేసి, చెట్లు మావేనని కాగితంలో ఉంది పొమ్మంటోంది.

"వానకాలంల గింజలు ఒడిసినంక ఆ ఎండుపువ్వే ఉడకవెట్టి పిల్లలకు పెడ్త. పువ్వు రాలుడు షురువైంది. ఇగ నేనేం జెయ్యాలె, జర చెప్పుండ్రి."

కచేరీ జవాబు నాకు తెలుసు. అర్జీ పెట్టుకో అనాలి. అది విచారణకు వచ్చేసరికి వానలు పడతాయి, పువ్వంతా పోశెట్టి ఇంటికి చేరుతుంది. వేరే దారి ఒక్కటే ఉంది. అది తలచుకుంటేనే నాకు కంపరమెత్తింది. అయినా మరునాడు పొద్దున్నే బండి కట్టించుకుని రేగుంట వెళ్ళాను.

లస్మవ్వ ఇంటి ముందు కూర్చుని బియ్యం చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాను. ఎత్తిపొడుస్తుందని కాచుకున్నాను.

"మంచిగైంది వచ్చినవు. నడువు, చేనుకాడికి పోదం," అంది అంతే. ఎత్తిపొడిచినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకు ఏదో ఒకటి దొరికేది.

అందరినీ పిలిచి చేనంతా తిప్పింది. ఇప్పచెట్టు కింద ఆగింది. నల్లటి బూడిద మీద అప్పటికే పువ్వు రాలి ఉంది.

"పోయినేడు ఈడ ఊడ్చిందెవరు పోశెట్టీ?"

"అక్కనే."

"అంతకు ముందేడు?"

"అక్కనే. గని అవ్వా, కాగితంల గిట్ల రాసిండ్రు గద!"

"రాసినాయన ఈడనే ఉన్నడు. అడుగు."

అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి. "చెట్ల సంగతి నేను అడగలేదు," అన్నాను. "అవ్వకంటె ముందు తీర్చాలని తొందరపడి రాసిన. తప్పు నాదే."

పోశెట్టి భార్య ఊరుకోలేదు. "మరి నా కష్టం? నాలుగు దినాలు ఊడిస్తే నడుములు వడిపోయినయ్. ఎప్పుడు సూసినా అన్నీ ఆమెకేనా?" అంది. ఆ గొంతులోని కుళ్ళు నాకు బాగా తెలుసు. ఆరేళ్ళుగా నాలో ఉన్నది అదే.

నేనైతే ఆమెను కసిరి పంపేవాణ్ణి. లస్మవ్వ మాత్రం తలూపింది.

"కష్టం నిజమే బిడ్డా. చెట్లు ఎల్లక్కయి, ఈ ఏడు ఊడ్చింది నువ్వు. ఇద్దరు కలిసి ఏరుండ్రి. నాలుగు గంపలల్ల ఒక గంప నువ్వు తీస్కపో. వచ్చే ఏడు సంది ఎల్లక్కనే ఊడుస్తది. ఏమంటరు?"

ఎల్లక్క తన గంప తెచ్చి మరదలి ముందు పెట్టి, పువ్వు ఏరడానికి వంగింది. పోశెట్టి భార్య కొంగు దోపుకుని పక్కన కూర్చుంది.

ఆ చెట్టు కిందే కొత్త రాజీనామా రాసి దొర ముందు పెట్టాను. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి, "ఊరికి వెళ్ళి విచారించావా? నాలుగో గంప సంగతి నీ ఆలోచనేనా?" అన్నాడు.

"చిత్తం," అన్నాను.

ఆ కాగితంతోనే నాకు పేరు వచ్చింది. ఆ తర్వాత ఏ రాజీనామా అయినా చేను తొక్కి, అడిగి గానీ రాయలేదు. అప్పీళ్ళు తగ్గాయి. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని తోటి గుమాస్తాలు అడిగితే అనుభవం అనేవాణ్ణి. ఆ మాటలు రేగుంట దాకా వెళ్ళే ఉంటాయి. లస్మవ్వ ఎన్నడూ వచ్చి అడగలేదు. అందుకు కూడా నాకు ఆమె మీద కుళ్ళే.

చేను మీద పదిమంది ముందు తప్పు ఒప్పుకోగలిగాను. తీర్చింది ఆమె అని ఒక్క దొర ముందు చెప్పలేకపోయాను. ఆ రాజీనామాలో రాజం, పోశెట్టి, ఎల్లక్కల నిశానీలు ఉన్నాయి, ముగ్గురు సాక్షులవీ ఉన్నాయి. నిశానీ పెట్టడానికి లస్మవ్వ చెయ్యి చాపింది కూడా. కాగితం మీద చోటు లేదన్నాను. చోటు ఉంది.